విస్తరి మీద అత్త చెయ్యి

పెళ్ళి భోజనాల్లో నెయ్యి గిన్నె వస్తోందంటే మా అత్త రెండు చేతులూ విస్తరి మీద బోర్లించేది. ఒక చెయ్యి చాలదు. మా ధర్మవరంలో వడ్డించేవాళ్ళు అంత తొందరగా వదిలే రకం కాదు. వేళ్ళ సందుల్లోంచైనా ఒక చుక్క జార్చి, "కొంచెమే లేమ్మా" అని ముందుకు సాగిపోతారు. ఆ చుక్క పడిందంటే అత్త లేచిపోయేది. బంతిలో ఒకరు లేచాక మిగిలినవాళ్ళు కూర్చుని తినడం మావైపు మర్యాద కాదు, కాబట్టి బంతి మొత్తం లేవాల్సి వచ్చేది. ఇలా రెండు మూడు పెళ్ళిళ్ళు రసాభాస అయ్యాక మావాళ్ళు మహా తెలివైన ఉపాయం కనిపెట్టారు. అత్తను బంతిలో కూర్చోబెట్టడమే మానేశారు. అందరూ తిని లేచాక, వంటలు చేసినచోట ఒక మూల ఆకేసి, అన్నమూ ఊరగాయా, నేతి తాలింపు వేయకముందే తీసి పెట్టిన గరిటెడు పప్పూ పెట్టేవాళ్ళు. ఆ పప్పు తీసి పెట్టడం కూడా సగం పెళ్ళిళ్ళలో మరిచిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. అత్త మాత్రం "ఊరగాయ బాగుండాది పాపా" అని తినేసి చెయ్యి కడుక్కునేది.

అత్త అంటే మా నాయనకు అక్క. బెళుగుప్ప దగ్గర ఒక పల్లెకు కోడలిగా వెళ్ళింది. ఆమె కాపురానికి వెళ్ళిన కొత్తలో ఒక ఏడు వాన పడలేదు. మా జిల్లాలో ఇదేమీ చెప్పుకోవాల్సిన విశేషం కాదు, పడితే చెప్పుకోవాలి. గడ్డి లేక వాళ్ళ ఆవుదూడ చచ్చిపోయింది. దూడ ఎదురుగా లేకపోతే ఆవు పాలు చేపదు. అందుకని ఆ దూడ తోలులోనే ఎండుగడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్ళుగా గుచ్చి, ఆవు ముందు నిలబెట్టారు. ఆవు దాన్ని నాకుతూ పాలిచ్చింది. పాలు పిండినంతసేపూ ఆ గడ్డిదూడ పడిపోకుండా పట్టుకునే పని కొత్తకోడలిది. "అది నాకతా నాకతా నా చెయ్యి గూడా నాకింది పాపా" అని అత్త నాకు ఒకే ఒక్కసారి చెప్పింది.

అంతే, ఆ పొద్దు నుంచి పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి ముట్టలేదు. మాంసం కూడా ఆ పొద్దుతోనే సరి. అది మొక్కు కాదు, నోము కాదు, ఏ స్వామీ చెప్పింది కాదు. ఎవరైనా "ఏ దేవునికి వదిలినావమ్మా?" అని భక్తిగా అడిగితే "దేవుడు నన్నేమీ అడగలేదప్పా, నాకే వద్దు" అనేది. ఈ జవాబే మావాళ్ళకు గొంతు దిగేది కాదు. ఏదో ఒక దేవుడి పేరు చెప్పి ఉంటే విడిగా కొత్త కుండలో వండి, దణ్ణం పెట్టి మరీ వడ్డించేవాళ్ళు. ఉత్తపుణ్యానికి వద్దనడాన్ని మాత్రం పొగరు అనుకున్నారు.

మామ పోయాక అత్త మా ఇంటికి వచ్చేసి మగ్గం ఎక్కింది. ఇంట్లో ఆమె తిండికి ఏ ఇబ్బందీ రాలేదు. రాగిసంగటి, చెనిక్కాయలు, అంటే వేరుశనక్కాయలు, పచ్చిమిరపకాయలు వేసి నూరిన ఊరిబిండి, జొన్నరొట్టె, ఉలవచారు. మా ఇంట్లో నెయ్యి ఎక్కడుంది గనక అడ్డం రావడానికి? కరువు తిండితో అత్తకు ఏ పేచీ లేదు. పేచీ అంతా సంబరాలతోనే.

డెబ్బైలు ముగిసే రోజులు. నేను ఇంటర్ తప్పి, ఇంట్లో కండెలు చుడుతూ, ఊరందరి మీదా చిరాకు పడుతూ ఉండేదాన్ని. నాయన నేసిన చీరలు మూటగట్టుకుని బెంగళూరు షావుకార్లకు చూపించి వస్తుండేవాడు. ఒకసారి ఒక షావుకారు, పెళ్ళిచీర అంచు రంగు తాను చెప్పినట్టు రాలేదు, నేసిన మనిషినే తీసుకురమ్మని కబురు పెట్టాడు. ఆ చీర నేసింది అత్త. అత్త ఒక్కతే ఆడమనిషి ఎలా వస్తుందని తోడుగా నన్నూ బయల్దేరదీశారు. నేను ముందు రోజు నుంచే నేల మీద నిలబడలేదు.

బస్సు సోమందేపల్లె దాటాక, కిటికీలోంచి బయటకు చూస్తూ ఉన్న అత్త నావైపు వంగి మెల్లగా అడిగింది.

"పాపా, బెంగళూరులో నన్నెవరికీ తెల్దు గదా?"

"ఎవరికి తెలుస్తాది అత్తా?"

"అయితే ఆడ ఒక పెద్ద హోటల్లో, నలుగురి నడుమ బంతిలో కూచోని, అందరికీ ఏం పెడతారో అదే నేనూ తినాల. చెయ్యి అడ్డం పెట్టకుండా. మైసూరుపాకు గూడా. ఒక్కసారి తినేసి వచ్చేద్దాం."

నేను నోరు తెరిచాను. "నెయ్యి తింటావా?"

"థూ! అది కాకుండా."

ఎంత తేలిగ్గా అనేసిందో! ముందు సీట్లోంచి నాయన తల తిప్పి నవ్వాడు. "అక్కా, ఆడ నెయ్యి లేకుండా నీళ్ళు గూడా పొయ్యరు" అన్నాడు. "నువ్వు ముందుకు చూడప్పా" అంది అత్త. నాకు మాత్రం ఆ క్షణంలోనే పంతం పట్టుకుంది. ఊళ్ళో పెళ్ళిళ్ళ మీద నాకున్న కోపమంతా ఒక్క భోజనంతో తీర్చుకోవచ్చనిపించింది.

బెంగళూరులో ఒక సత్రంలో దిగాం. అక్కడ పొయ్యి వెలిగించనివ్వరు. మేం కట్టుకొచ్చిన రొట్టెలు రాత్రికే అయిపోయాయి. పొద్దున్నే షావుకారు అంగడికి వెళ్ళాం. ఆయన చీర విప్పి, అంచు పట్టుకుని, పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాడు. అత్త మధ్యలోనే చీర అందుకుని వీధిలోకి నడిచి, ఎండలో పరిచి పట్టుకుంది. "రంగు సరిగ్గానే ఉండాది సామీ. నీ అంగట్లో దీపమే సరిగ్గా లేదు" అంది. నాయన చెమటలు తుడుచుకున్నాడు. ఎదుటివాడు షావుకారైనా, పెళ్ళిపెద్దయినా అత్త నోట్లో మాట దాగడం ఎవరూ చూడలేదు. షావుకారు ఎండలో చీర చూసి, దీపం చూసి, చీర తీసుకున్నాడు. నాయనకు ఇంకా నాలుగు అంగళ్ళు తిరిగే పనుంది. మా చేతిలో దుడ్లు పెట్టి, "మధ్యాన్నం యాడన్నా తినండి, సాయంత్రానికి సత్రం చేరండి" అని వెళ్ళిపోయాడు.

అంత ఊరు, ఇద్దరమే! నాకు గంతులు వెయ్యాలనిపించింది. అత్త చీర కుచ్చిళ్ళు పైకి దోపి "పద" అంది.

మొదటి హోటల్లో తల మీద ఫ్యాన్లు, పాలరాయి బల్లలు. వడ్డించేవాడు వచ్చి ఉన్నవన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. మా వాళ్ళందరికీ కన్నడం వచ్చు కాబట్టి అత్త ఒక్కొక్కటే పట్టుకుంది.

"ఇడ్లీ?"

"పైన నెయ్యి పోస్తాం."

"దోసె?"

"వెన్నతో కాలుస్తాం."

"ఉప్మా?"

"నేతిలో వేయిస్తాం."

"అయితే పాలు, పెరుగు, వెన్న, నెయ్యి లేనిది ఏముండాదప్పా?"

ఆ మనిషి నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిచి, వంటింటి వైపు ఒకసారి చూసి, చివరికి "నీళ్ళున్నాయి" అన్నాడు. వెటకారం కాదు, పాపం, తెచ్చిపెట్టాడు కూడా. మేం తాగుతుంటే మనసు కరిగినట్టుంది, "మీకు విడిగా ఉత్త ఇడ్లీ పెట్టిస్తానమ్మా" అన్నాడు. అత్త లేచి నిలబడింది. "విడిగా వద్దప్పా. విడిగా అయితే మా ఊర్లోనే పెడతారు."

రెండో హోటల్లో నేను తెలివి ఉపయోగించి, మాకు అక్కర్లేనివన్నీ ముందే వరసగా చెప్పేశాను. ఆ వడ్డించే ఆయన అత్త మొహంలోకి జాలిగా చూసి, లోపలికి వెళ్ళి ఒక గ్లాసులో వేడి గంజి తెచ్చాడు. "ఎన్నాళ్ళ నుంచి జ్వరం?" అని అడిగాడు. నేను నవ్వు ఆపుకోలేక బల్ల కిందకి వంగాను. అత్త మాత్రం మర్యాదగా గంజి తాగి, "బాగుండాది, ఉప్పు చాల్లేదు" అని చెప్పి వచ్చింది.

మూడో హోటలు గుమ్మం మీద 'శుద్ధమైన నెయ్యి మాత్రమే' అని మనిషెత్తు అక్షరాలు. యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. మేం గుమ్మంలో తటపటాయించడం చూసి అనుమానపడుతున్నామనుకున్నాడు. "డాల్డా మా గడప తొక్కదమ్మా!" అని, ఎవరూ అడక్కుండానే వంటమనిషిని పిలిపించి సాక్ష్యం చెప్పించాడు. నేతి గిన్నె తెప్పించి అత్త ముక్కు కింద పెట్టాడు. అత్త మొహం వాడిపోయింది. నెయ్యి నిజమైనదని తెలిసి అంత దిగులు పడిన మనిషిని ఆయన జన్మలో చూసి ఉండడు. మేం దాదాపు పరుగెత్తుకుంటూ బయటపడ్డాం.

ఆ వీధి మలుపులో నిలబడ్డప్పుడు నాకు వెలిగింది. ఇంటర్ తప్పినదాన్ని కదా అని నన్నెవరూ లెక్కచెయ్యరు గానీ, ఆరోజు నా బుర్ర పాదరసంలా పరుగెత్తింది.

"అత్తా! మనం వెతకాల్సింది మంచి హోటలు కాదు. దొంగ హోటలు!"

"ఏమంటాండావే?"

"నెయ్యని చెప్పి డాల్డా పోసేది. డాల్డాకు ఆవు యాడుంది? అంతా చెనిక్కాయ నూనే. మన చేన్లలోదే. గట్టిపడేట్టు చేసి డబ్బాల్లో పోస్తారంతే."

"మన చెనిక్కాయలేనా?" అని గుచ్చి అడిగింది అత్త. తర్వాత మొహమంతా నవ్వు పరుచుకుంది. ఊరంతా తిట్టిపోసే ఆ డాల్డా మా అత్త పాలిట అమృతమని ఇన్నేళ్ళు ఎవరికీ తట్టలేదు. తట్టడానికి, దాన్ని డాల్డా అని ఒప్పుకుని వడ్డించినవాడు ఎవడున్నాడు గనక? మా పెళ్ళిళ్ళలో కూడా అది డాల్డానో నెయ్యో ఆ పెళ్ళిపెద్దకే తెలియాలి.

మర్నాడు కూడా నాయన పని తెమల్లేదు, మేం పొద్దున్నుంచే వేట మొదలుపెట్టాం. ఆ ఊళ్ళో మంచి హోటళ్ళ కోసం తిరిగేవాళ్ళు వేలమంది ఉండుంటారు. మోసం చేసే హోటలు కోసం కాళ్ళరిగేలా తిరిగింది మేమిద్దరమే. అత్తకు సుతిమెత్తగా అడగడం రాదు. నేరుగా గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళి "ఏమన్నా, మీది డాల్డానేనా? అయితేనే తింటాం" అనేది. ఒకాయన తన తల్లి మీద ఒట్టేశాడు. ఇంకొకాయన దేవుడి పటం వైపు తిరిగి చెంపలు వేసుకున్నాడు. మరొకాయన మమ్మల్ని ఆహార తనిఖీ వాళ్ళనుకుని బెదిరిపోయి, కూర్చోమని కుర్చీ వేసి, దానిమ్మపళ్ళు తెప్పించాడు. వాటిలో మాత్రం నెయ్యి లేదు కాబట్టి తినేశాం.

"అడిగితే ఎవడూ చెప్పడత్తా" అన్నాను చేతికంటిన దానిమ్మ రసం తుడుచుకుంటూ.

"అడిగేదెందుకు? ఎనకాల పోయి చూస్తే సరి" అంది అత్త.

నిజమే! డబ్బాలు ఎక్కడికి పోతాయి? అప్పటి నుంచి మేం హోటళ్ళ ముందుకు వెళ్ళడం మానేశాం. బెంగళూరును వెనక నుంచి చూశాం. ఉల్లిపొట్టు కుప్పలు, తడి అరిటాకులు, బూడిదతో గంగాళాలు తోమే ఆడవాళ్ళు, గోడకు చేరబడి బీడీ కాల్చుకునే వంటవాళ్ళు. ఒక సందులో కుక్క తరిమింది. ఇంకో సందులో కాలువ దాటలేక అత్త నన్ను పట్టుకుని, నేను గోడను పట్టుకుని, ఇద్దరం నవ్వుతూ అక్కడే కూలబడ్డాం. పట్టుచీర కట్టుకుని మురికి సందుల్లో డబ్బాలు వెతుకుతున్న మమ్మల్ని నాయన చూస్తే ఆ సాయంత్రమే బస్సెక్కించి ఉండేవాడు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు ఒక సందు చివర మలుపు తిరిగాం. ఎదురుగా పసుప్పచ్చ డబ్బాలు, గోడెత్తున, ఒకదాని మీద ఒకటి. ఒక్కో డబ్బా మీదా పచ్చటి చెట్టు బొమ్మ. రెండు డబ్బాల్లో మట్టిపోసి కొత్తిమీర కూడా పెంచుతున్నారు. అత్త దగ్గరికి వెళ్ళి ఆ బొమ్మ మీద వేలు పెట్టి రాసింది.

"చెట్టుండాది పాపా. ఆవు లేదు."

ఇద్దరం చేతులు పట్టుకుని ఆ సందులో గిర్రున తిరిగాం. అక్కడ ఎంగిలాకులు నములుతున్న ఒక ఆవు తలెత్తి మావైపు చూసింది. "నువ్వు తిను తల్లీ, ఈడ నీకేం సంబంధం లేదు" అని అత్త దానికి కూడా చెప్పింది. లోపల్నుంచి ఒక వంటమనిషి తల బయటపెట్టి ఏం కావాలని అడిగాడు. "ఏం లేదన్నా, ఈ హోటలు ముందర వాకిలి యాడుండాది?" అన్నాను.

ముందుకు వెళ్ళి చూస్తే, ఆ రెండు రోజుల్లో మేం చూసిన అన్ని బోర్డుల కన్నా పెద్ద బోర్డు దానికే ఉంది. 'అచ్చమైన ఆవునెయ్యి' అని ఎర్ర అక్షరాలు, పక్కన గంటలు కట్టుకున్న తెల్లావు బొమ్మ. మేం ఆ తెల్లావుకు దణ్ణం పెట్టినంత పనిచేసి మేడ మెట్లెక్కాం.

పైన పెద్ద హాలు. పొడుగాటి బల్లలు, ఎదురెదురుగా వరసలు, అరిటాకులు. హాలంతా కిటకిటలాడుతోంది. అత్త అంచున ఖాళీ ఉన్నా కూర్చోలేదు. నట్టనడుమ ఇద్దరు లేచేదాకా నిలబడి, అక్కడ కూర్చుంది. పక్కన జేబులో పెన్నులు పెట్టుకున్న ఒక పెద్దమనిషి. ఎదురుగా ఆఫీసు నుంచి వచ్చినట్టున్న గుంపు. కూరలు, సాంబారు నూనె తాలింపేనని వడ్డించేవాణ్ణి అడిగి నేను రూఢి చేసుకున్నాను. చివర్లో మజ్జిగ వచ్చినప్పుడు చాలని లేవొచ్చు, అది అందరూ చేసేదే.

అన్నం వడ్డించారు. పప్పు వేశారు. వెనకే ఒకడు పొడుగు గరిటెతో గిన్నె పట్టుకుని "తుప్పా, తుప్పా" అంటూ వచ్చాడు. కన్నడంలో నెయ్యి అని. ఆ మాట చెవిన పడగానే అత్త రెండు చేతులూ లేచి విస్తరి మీద బోర్లా పడ్డాయి. వడ్డించేవాడు గరిటె ఎత్తి పట్టుకుని ఆగాడు. అత్త కూడా తన చేతుల్ని తానే చూసుకుంది. మెల్లగా ఒక చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత రెండోది. గరిటె వంగింది. అన్నం మీద నుంచి పప్పులోకి అది మెరుస్తూ పారుతుంటే అత్త కలుపుకోకుండా చూస్తూ కూర్చుంది.

"ఇంకొంచెం పొయ్యప్పా" అంది.

తర్వాత మైసూరుపాకు వచ్చింది. అత్త ముక్క కొరికి కళ్ళు మూసుకుంది. "తియ్యగా ఉండాది పాపా" అని, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు చెప్పింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అంత సంతోషం నేను మోయలేకపోయాను.

అప్పుడే పెన్నుల పెద్దమనిషి ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మొహం చిట్లించి అత్త వైపు తిరిగాడు. చక్కటి తెలుగే మాట్లాడాడు.

"ఏమమ్మా, మీరు పల్లెటూరివాళ్ళలా ఉన్నారు. ఆవుల్ని చూసినవాళ్ళు. మీరు చెప్పండి, ఇది నెయ్యేనా? నాకెందుకో డాల్డా అనిపిస్తోంది."

గట్టిగానే అన్నాడు. ఎదురు వరసలో రెండు మూడు చేతులు ఆకుల మీద ఆగిపోయాయి. గరిటెవాడు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. అందరూ మా అత్త మొహంలోకి చూస్తున్నారు. షావుకారుకు దీపం సంగతి మొహం మీదే చెప్పిన మనిషి. దేవుడి పేరు చెప్పుకుంటే బతుకు సుఖంగా గడిచిపోతుందని తెలిసీ, ఆ చిన్న అబద్ధం కూడా ఆడనిది. వెనక సందులో గోడెత్తు డబ్బాలు చూసి వచ్చింది. నాకైతే నోరు దురద పెట్టింది. ఆ బోర్డు మీది తెల్లావు బండారం ఆ హాలంతటికీ వినిపించేలా అరిచి చెప్పాలని నోరు తెరిచేశాను కూడా. బల్ల కింద అత్త నా తొడ గట్టిగా గిల్లింది.

"చల్లారిపోతాండాది అన్నా, తిను" అంది ఆయనతో. "బాగుండాది."

ఆయన ఒక క్షణం అత్త మొహాన్ని, ఇంకో క్షణం ఆమె ఆకును చూశాడు. ఆకులో మెతుకు మిగల్లేదు. "అంతేనంటారా" అని నవ్వి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎదురు వరసలో చేతులు మళ్ళీ కదిలాయి. హాలంతా మళ్ళీ అదే గోల, సాంబారు కేకలు, గరిటెల చప్పుడు.

నేను తొడ రుద్దుకుంటూ అత్త చెవిలో అడిగాను. "ఎందుకు చెప్పలేదత్తా? మాట దాచింది నువ్వేనా?"

అత్త తలెత్తలేదు.

"చెప్తే వీళ్ళంతా లేచిపోతారు పాపా. మళ్ళీ నేనొక్కదాన్నే కూచోని తినాల" అంది. గరిటెవాడు మళ్ళీ తుప్పా తుప్పా అంటూ మా వరసలోకి తిరుగుతుంటే, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది.